కోటంటే రాయేనా? మట్టికట్టల ముందు మన చూపు

జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ నుంచి షోలాపూర్ పోయే రహదారి మీద రాత్రీ పగలూ లారీలు ఆగవు. 1948 సెప్టెంబర్ 16 తెల్లవారుజామున, నిజాం రాజ్యం మీద సైనిక చర్యలో భాగంగా, షోలాపూర్ వైపు నుంచి భారత సైన్యపు దళం ఒకటి ఈ దారినే వచ్చింది. దారిలో పాతిపెట్టిన మందుపాతరలను తీసేదాకా దాని నడక మందగించింది. బీదరు రోడ్డు రహదారిలో కలిసే చోట మాటు వేసినవాళ్లు కాల్పులు జరిపారు. వాళ్లతో తలపడటానికి కొందరిని అక్కడ ఉంచి, మిగతా దళం చీకటిపడేసరికి జహీరాబాద్ దాటి మరో పదిహేను కిలోమీటర్లు పోయింది. మర్నాడు సైన్యం బీదరులో అడుగుపెట్టింది. ఆ సాయంత్రానికే నిజాం ప్రభుత్వం కాల్పులు విరమించింది.

అలా మాటు వేసేవాళ్లు తవ్వుకునే గోతులకు ఆయుష్షు తక్కువ. ఒక వానాకాలం, రెండు దుక్కులు చాలు, నేల మళ్లీ చదునైపోతుంది. అదే తెలుగు నేల మీద ఏడు వందల ఏళ్ల కిందట పోసిన మట్టిగోడ ఓరుగల్లులో ఇప్పటికీ నిలిచి ఉంది. పోరులో మనుషులు మట్టితో కట్టుకున్న రక్షణల్లో ఏవి మిగిలాయి, ఎందుకు మిగిలాయి? వాటిని చూడబోయేవారు ఏం చూడాలి? వాటిని ఎలా కాపాడుకోవాలి? జహీరాబాద్ నుంచి బయలుదేరి ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చి పరిశీలించడమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. మట్టిని కోటగా గుర్తుపట్టే చూపు మనకు లేకపోవడమే మట్టికోటలకు అన్నిటికన్నా పెద్ద ముప్పు.

మట్టినే ఎందుకు నమ్మారు

రాయి దొరకనివాళ్లే మట్టితో కట్టుకున్నారని చాలామంది అనుకుంటారు. ఓరుగల్లు ఆ మాటను నిలవనివ్వదు. చేతినిండా నల్లరాయి ఉన్న కాకతీయులు రాతికోట చుట్టూ కావాలనే మట్టికోట పోయించారు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేన ఓరుగల్లును ముట్టడించిన తీరును అమీర్ ఖుస్రో పారశీకంలో రాశాడు. ఉక్కు ఈటె కూడా గుచ్చుకోనంత గట్టిగా ఆ మట్టిగోడ ఉందని, యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి వెనక్కి ఎగిరిపడేవని అతని వర్ణన. అతను గెలిచిన పక్షం కవి. శత్రువు గోడను అంతగా మెచ్చుకోవడంలో తన పక్షం గెలుపును పెద్దది చేసే కోరిక ఉండవచ్చు. అయినా మట్టిగోడ ముట్టడిదారులను నిలబెట్టిందన్నది మాత్రం కాదనలేం.

దీని వెనక ఉన్న సూత్రం సులువైనది. రాతిగోడ దెబ్బకు ఎదురు నిలుస్తుంది, ఓర్చుకోలేనప్పుడు పగిలిపోతుంది. మట్టికట్ట దెబ్బను తనలోకి తీసుకుంటుంది. ఫిరంగులు వచ్చాక ఈ తేడా ఇంకా స్పష్టమైంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ మట్టికోట మీద 1805లో లార్డ్ లేక్ సేన నాలుగుసార్లు విరుచుకుపడి నాలుగుసార్లూ వెనుదిరిగింది. 1826లో ఆంగ్లేయులు దాన్ని పట్టుకోవాలంటే గోడ కిందకు సొరంగం తవ్వి మందుగుండు పేల్చాల్సి వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో జార్జియా తీరాన ఇటుకలతో కట్టిన పులాస్కీ కోట కొత్తరకం ఫిరంగులకు 1862లో సుమారు ముప్పై గంటల్లోనే లొంగిపోయింది. మరుసటి ఏడు దక్షిణ కరోలినా తీరంలో ఇసుకతో పోసిన వాగ్నర్ కోట మాత్రం వారాల తరబడి గుండ్ల వానను భరించింది.

మన దగ్గర ఈ పనితనాన్ని దగ్గరగా వర్ణించినవాడు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని రాస్తూ, ఆ ప్రాంతపు జమీందారుల మట్టికోటలు ఎలా కట్టేవారో వివరించాడు. సుమారు రెండు వందల గజాల చదరం, మూలల్లో గుండ్రని బురుజులు, 22 అడుగుల గోడ, దానికి లోపలివైపు 12 అడుగుల ఎత్తున మనుషులు నిలిచే కట్ట. బాగా పదును చేసిన బంకమట్టిని పొరగా పరిచి, ఎండకు పూర్తిగా గట్టిపడ్డాకే దానిమీద మరో పొర వేసేవారు. తొందరపడితే గోడ నిలవదు. ఎండకూ ఓపికకూ సమానంగా పని ఉన్న కట్టడం అది.

ఈ పని మన ఊళ్లకు కొత్తది కాదు. మట్టిని పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి గట్టిపరచడం చెరువుకట్ట కట్టినవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తీర్చిన కాలమే ఓరుగల్లు మట్టికోటను కూడా పోసింది. పేరులోనే ధూళీ కట్టా ఉన్న పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు మట్టికోట బయటపడింది. అంటే ఈ విద్యకు రెండు వేల ఏళ్ల వయసుంది. ఒక కట్ట నీటిని ఆపుతుంది, మరొకటి శత్రువును ఆపుతుంది. గోడ తెగిన చోటును రెండింటికీ ఒకే మాటతో గండి అంటాం.

ఓరుగల్లు: సగం కోటనే చూసి వస్తున్నాం

జహీరాబాద్ నుంచి వరంగల్ సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు. అంత దూరం పోయేవారిలో ఎక్కువమంది నాలుగు కీర్తితోరణాల దగ్గర ఫొటో దిగి, ఖుష్ మహల్ చూసి తిరిగొస్తారు. తోరణం తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది కాబట్టి అది అందరికీ తెలుసు. ఆ తోరణాన్ని ఇన్నాళ్లు కాచిన మట్టికి మాత్రం ఏ ముద్రలోనూ చోటు లేదు.

కోట అమరిక వలయాలుగా ఉంటుంది. లోపల 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతిగోడ, దానికి 45 బురుజులు, చుట్టూ కందకం. దాని బయట సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దానికి దాదాపు నూట యాభై అడుగుల వెడల్పు కందకం. వీటన్నిటికీ బయట, హనుమకొండను కూడా కలుపుకుని పన్నెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో మరో మట్టికట్ట ఉండేది. గణపతిదేవుడు మొదలుపెట్టిన పనిని రుద్రమదేవి పూర్తిచేసి, గోడలు ఎత్తు పెంచి, మట్టికోటను పటిష్ఠం చేసిందని చరిత్రకారులు చెబుతారు.

ఆమె ఎందుకు అంత పట్టుగా కట్టించింది? ఇక్కడే ఇంటిపోరు కథలోకి వస్తుంది. ఆడది గద్దె ఎక్కడం సహించక హరిహరదేవుడు, మురారిదేవుడు అనే జ్ఞాతులు తిరగబడ్డారని ప్రతాపరుద్ర చరిత్రము చెబుతుంది. అది తరువాతి కాలపు గ్రంథం, కాబట్టి చరిత్రకారులు ఆ కథను యథాతథంగా తీసుకోరు. దేవగిరి యాదవ మహాదేవుడు ఓరుగల్లు మీదికి రావడం, రుద్రమ అతణ్ణి తరిమికొట్టడం మాత్రం ఎక్కువమంది ఒప్పుకునే సంగతులు. దానికి బలమిచ్చే ఆనవాలు జహీరాబాద్‌కు పక్కనే ఉంది. బీదరు కోటలో దొరికిన ఒక కన్నడ శాసనం రుద్రమ సామంతుడైన సింద వంశపు భైరవుణ్ణి పేర్కొంటుంది. ఓరుగల్లు మట్టిని రక్షించినవాళ్ల పేరు బీదరు రాతి మీద నిలిచింది.

1310 ముట్టడిని ఆ మట్టికట్ట మీద నిలబడి తలుచుకుంటే దాని అమరిక అర్థమవుతుంది. ఢిల్లీ సేన ముందు తన శిబిరం చుట్టూ కొయ్యలతో కంచె కట్టుకుంది. తరువాత కందకాన్ని మట్టితో పూడ్చింది. గోడను రాళ్లతో కొట్టి ఒకవైపు దెబ్బతీసింది. ఆ మట్టికట్ట మీదికి వందమంది ఒకే వరుసలో ఎక్కేలా ఏటవాలు దిబ్బ పోయాలని తలపెట్టింది. దానికి చాలా రోజులు పడుతుందని తేలి, ఆ ఆలోచన మానుకుని నిచ్చెనలతో ఎగబడింది. మట్టికోట చేజిక్కాక లోపల రాతికోట, రెండో కందకం ఎదురయ్యాయి. అప్పుడు కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి దిగాడు. 1323లో ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పూర్తిగా పడిపోయింది.

ఇందులో నన్ను కదిలించేది కందకం. తవ్విన గొయ్యి కందకమైంది, అందులోంచి తీసిన మట్టి గోడైంది. రెండూ ఒకే దేహం. కందకం పూడితే గోడ ఎత్తు సగం పోయినట్టే, అందుకే శత్రువు ముందుగా కందకాన్నే పూడ్చాడు. నగరం పెరిగేకొద్దీ కట్టల వెంట ఇళ్లు లేచి, కందకంలో చెత్తా శిథిలాలూ పడుతుంటే, ముట్టడిదారు ఆనాడు చేసిన పనిని మనమే చేస్తున్నాం. బయటి వలయం చాలాచోట్ల ఊళ్లోనూ పొలాల్లోనూ కలిసిపోయింది.

బీదరు: పోసిన మట్టి కాదు, తొలిచిన నేల

జహీరాబాద్ వాళ్లకు అందుబాటులో ఉన్న గొప్ప పాఠశాల బీదరు. సుమారు ముప్పై కిలోమీటర్ల దూరం. 1956 వరకు జహీరాబాద్ బీదరు జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో ఇటు మెదక్‌లోకి వచ్చింది, బీదరు మైసూరు రాష్ట్రానికి పోయింది. కోట రాష్ట్రం దాటింది కానీ నేల ఒక్కటే. రెండుచోట్లా అదే ఎర్ర లాటరైట్. తవ్వేటప్పుడు మెత్తగా తెగి, గాలి తగిలాక గట్టిపడే రాయి అది.

అహ్మద్ షా బహమనీ గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి, 1429-1432 మధ్య కోటను తిరిగి కట్టించాడు. ఊరివైపున ఉన్న మూడు వరసల కందకం దీని ప్రత్యేకత. మామూలుగా గొయ్యి తవ్వి గోడ లేపుతారు. ఇక్కడ నేలను తొలుస్తూ, మధ్యలో రెండు అడ్డుగోడలను సహజశిలలోనే వదిలేశారు. ఒక కందకం దాటినవాడికి రాతిగట్టు, దాని అవతల మళ్లీ కందకం. ఓరుగల్లులో మనిషి నేలకు మట్టిని చేర్చి గోడ చేశాడు, బీదరులో నేలలోంచి తీసేసి గోడ మిగిల్చాడు.

బీదరు ఇంటిపోరును కూడా దగ్గరగా చూసింది. దక్కనీలు, బయటి దేశాల నుంచి వచ్చిన ఆఫాకీలు అనే రెండు పక్షాల పగ బహమనీ రాజ్యాన్ని లోపలినుంచి తొలిచింది. 1481లో మంత్రి మహమూద్ గవాన్ తల తీయించడం ఆ పగ ఫలితమే. తరువాత కొద్ది దశాబ్దాల్లోనే రాజ్యం అయిదు ముక్కలైంది. 1657లో ఔరంగజేబు సేన ముట్టడి 27 రోజులు సాగింది. బురుజు దగ్గర నిలువచేసిన మందుగుండు అంటుకుని పేలడంతో రక్షణ కుప్పకూలింది. కోటను కూల్చినవి పక్షాల పగ, లోపలి మందుగుండు. కందకాలు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

బీదరును చదవడం మనకు నేర్పినవాడు నిజాం రాజ్య పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ. 1947లో వచ్చిన ఆయన గ్రంథం గోడలు, దర్వాజాలు, బురుజులతో పాటు కందకాన్ని కూడా ఒక కట్టడంగానే వివరించింది. తరువాతి పర్యాటక పుస్తకాలు ఆ శ్రద్ధను నిలుపుకోలేదు. వాటిలో కందకం అంటే ద్వారం ముందు దాటిపోయే గొయ్యి.

బైరాన్‌పల్లి బురుజు

పెద్ద కోటలు రాజులవి. ఊళ్ల రక్షణ ఊళ్లదే. దోపిడీ దండులకు భయపడిన కాలంలో తెలంగాణ పల్లెలు బురుజులు కట్టుకున్నాయి. మట్టీ రాయీ కలిపి లేపిన గుండ్రని కట్టడం, పైన కాపలా, కింద ఊరు. వాటిలో ఒకటి ఇరవయ్యో శతాబ్దపు పోరులోకి వచ్చింది. సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లి ప్రజలు నిజాం పక్షపు రజాకార్ల దాడులను ఆ బురుజు మీది కాపలాతోనే తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైనికులతో, ఫిరంగులతో వచ్చి ఊరి మీద పడ్డారు. ఒక్కరోజే తొంభై మందికి పైగా చనిపోయారు. ఆ బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. ఏటా అక్కడ అమరులను తలుచుకుంటారు.

మన దగ్గర అంతర్యుద్ధపు రక్షణ కట్టడాన్ని వెళ్లి చూడటం అంటే ఇంతకు మించిన ఉదాహరణ లేదు. ఇక్కడ గైడు చెప్పేది రాజుల కథ కాదు, ఆ ఊరి ఇంటిపేర్ల కథ. అక్కడ గొంతు తగ్గించి మాట్లాడాలి.

ఇదే ఏడాది చరిత్రలో మరో పుట ఉంది, దాన్ని తిప్పేయకూడదు. సైనిక చర్య తరువాత బీదరు, ఉస్మానాబాద్, గుల్బర్గా జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి నివేదించింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఆనాటి బీదరు జిల్లాలో జహీరాబాద్ కూడా ఉంది. ఆ చనిపోయినవాళ్లకు బురుజు లేదు, కట్ట లేదు. రక్షణ కట్టడాలను మాత్రమే చూసి యుద్ధాన్ని అర్థం చేసుకోబోతే, రక్షణ దొరకనివాళ్లు మన లెక్కలోంచి జారిపోతారు. ఇంటిపోరు స్థలాలకు పోయే ప్రతి ఒక్కరూ ఈ ఎరుకతో పోవాలి.

గోడ లేని చోట జ్ఞాపకం

తెలుగువాళ్ల ఇంటిపోరు అనగానే గుర్తొచ్చేది పల్నాడు. పన్నెండో శతాబ్దంలో నలగాముడికీ మలిదేవుడికీ మధ్య సవతి అన్నదమ్ముల పోరు కారెంపూడి దగ్గర నాగులేరు ఒడ్డున ముగిసింది. అక్కడికి కోటగోడ కోసం ఎవరూ పోరు. వీరుల గుడి, ఏటా కార్తీక మాసంలో జరిగే వీరారాధన ఉత్సవం, అక్కడ పూజించే ఆయుధాలు జ్ఞాపకాన్ని మోస్తున్నాయి. బొబ్బిలిలో మట్టికోట పోయింది. యుద్ధం జరిగిన చోట 1891లో నిలిపిన స్తంభం ఉంది, జానపద గాథ ఉంది.

ఓరుగల్లు దీనికి తలకిందులు. అక్కడ కట్ట నిలిచింది కానీ దాని మీద పోరాడినవాళ్ల జ్ఞాపకం జనం నాలుక మీద లేదు. పల్నాడులో ఉత్సవం ఉన్నంతకాలం స్థలానికి కాపలా ఉంటుంది. ఓరుగల్లు మట్టికట్టకు ఉత్సవమూ లేదు, గాథా లేదు. జ్ఞాపకం లేని మట్టిని ఎవరైనా తవ్వి తట్టలకు ఎత్తుకుపోవచ్చు. రక్షణకు చట్టం ఎంత అవసరమో కథ కూడా అంతే అవసరమని ఈ పోలిక చెబుతోంది.

కాపాడటం: చట్టం, గరిక, నీరటి

పురాతన కట్టడాలను కాపాడే కేంద్ర చట్టం 1958 నుంచి ఉంది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై రెండు వందల మీటర్లలో అనుమతి కావాలి. రాతిగుడి విషయంలో ఈ కొలత స్పష్టం. ఏడున్నర కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న మట్టికట్ట విషయంలో చిక్కు మొదలవుతుంది. కట్ట పాదం ఎక్కడ ముగుస్తుంది? పూడిన కందకం కట్టడంలో భాగమా, ఖాళీ స్థలమా? తరతరాలుగా కోట లోపల సేద్యం చేసుకుంటున్న కుటుంబాల మాటేమిటి? కొలిచి హద్దురాళ్లు పాతనంతకాలం చట్టం కాగితం మీదే ఉంటుంది. పాతేటప్పుడు అక్కడి రైతును శత్రువుగా చూస్తే హద్దురాయి కూడా నిలవదు.

మరమ్మతు విషయంలో రెండు వాదాలున్నాయి. కట్టను పూర్వపు ఎత్తుకు మళ్లీ పోసి, గోడలా తీర్చిదిద్దితే చూసేవాళ్లకు అర్థమవుతుందని ఒక వాదం. కొత్త మట్టి పోస్తే పాత పొరల సాక్ష్యం చెరిగిపోతుందని, ఉన్నదాన్ని ఉన్నట్టే నిలపాలని రెండో వాదం. నేను రెండోవైపే. పొరల్లోనే ఎవరు ఎప్పుడు ఎంత పోశారన్న చరిత్ర ఉంది. అందాన్ని పెంచడానికి కట్ట అంచున సిమెంటు బాటలు, రాతి తాపడాలు వేస్తే వాన నీటి దారి మారి కొత్త కోతలు పడతాయి.

అమెరికా వాళ్ల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1864-65లో పీటర్స్‌బర్గ్ చుట్టూ తొమ్మిది నెలలకు పైగా సాగిన ముట్టడిలో తవ్విన మట్టికట్టలను 1926 నుంచి జాతీయ పార్కుగా కాపాడుతున్నారు. వాళ్లు నేర్చిన పాఠాలు మన రైతులకు తెలిసినవే. మట్టికట్టకు పెద్ద శత్రువు మనిషి కాలు. ఎక్కిన చోట గడ్డి చస్తుంది, గడ్డి చచ్చిన చోట వాన కోస్తుంది. పచ్చని పరుపు కట్టను పట్టి ఉంచుతుంది, కానీ గాలికి వేళ్లతో సహా కూలే పెద్ద చెట్టు దాన్ని చీల్చుతుంది. మన నేలకు ఈ పాఠాన్ని మార్చుకుంటే కట్ట మీద గరిక ఉండాలి, సర్కారు తుమ్మ ఉండకూడదు, బందికొక్కుల బొరియలను ఏటా చూసి మూయాలి.

చూడబోయేవారికి

ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు మట్టికట్ట దిబ్బలాగే కనిపిస్తుంది. పొద్దు వాలే వేళ, నీడలు సాగినప్పుడు దాని ఆకారం లేచి నిలబడుతుంది. గడ్డి ఎండిన మాఘ ఫాల్గుణాల్లో గీత ఇంకా స్పష్టంగా ఉంటుంది. ముందు కట్ట ఎక్కకండి, కందకం అడుగున నిలిచి పైకి చూడండి. శత్రువు కంటితో చూస్తేనే కట్టినవాడి తెలివి అర్థమవుతుంది. తరువాత దారి ఉన్న చోటే పైకి వెళ్లి, ఎటు చూపు పారుతుందో, ఎటు ఆగుతుందో గమనించండి. పిల్లలను తీసుకెళ్తే ముందు ఏదైనా చెరువుకట్ట చూపించండి. అది తెలిస్తే ఇది తెలుస్తుంది. జహీరాబాద్ బడిపిల్లలకు ఒక పూట బీదరు కందకం, మరో సెలవు రోజు ఓరుగల్లు మట్టికోట, ఇంకోసారి బైరాన్‌పల్లి బురుజు చూపిస్తే, పాఠ్యపుస్తకం చెప్పలేని సంగతి అర్థమవుతుంది. తవ్విన నేల, పోసిన మట్టి, ఊరు కట్టుకున్న బురుజు మూడూ భయం నుంచి పుట్టినవే.

తెలంగాణ చెరువులు శతాబ్దాల పాటు ఎలా నిలిచాయో అందరికీ తెలుసు. వాటికి నీరటి ఉన్నాడు. తూము తీసేదీ మూసేదీ అతనే, వాన పడిన రాత్రి పారతో కట్ట మీద తిరిగేదీ అతనే. చిన్న కోత కనబడితే తెల్లారేలోగా మట్టి వేసేవాడు, అందుకే అది గండి కాలేదు. యుద్ధం ముగిసిన రోజు నుంచి మట్టికోటకు అలాంటి మనిషి లేకుండా పోయాడు. పురావస్తు శాఖ కాపలాదారు తోరణాల దగ్గర టికెట్టు చూస్తాడు. కట్ట మీద మొదటి వానకు ఎక్కడ కోత పడిందో చూసే మనిషి వేరే కావాలి. కోట లోపల సేద్యం చేసే కుటుంబాల నుంచే అలాంటివాళ్లను ఎంచి, ఏడాది పొడుగునా జీతమిచ్చి, ఒక్కొక్కరికి అర కిలోమీటరు కట్ట అప్పగిస్తే పదిహేను మందితో మట్టికోట మొత్తం కాపలాలోకి వస్తుంది. బయటివాడు వచ్చి తమ పొలం పక్కన గీత గీశాడన్న కోపం పోయి, ఆ కట్ట తమదన్న పట్టు వస్తుంది.

వచ్చే మృగశిరకు ఓరుగల్లు మట్టికట్ట మీద పార పట్టుకుని ఒక నీరటి తిరగాలి. అతని వెనక నడిచే పిల్లవాడికి అది దిబ్బ కాదని, కోట అని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.